ఎడ్వార్డ్ లూకాస్

ఫ్రాన్స్వా ఎడ్వార్డ్ అనతోల్ లూకాస్ (1842 ఏప్రిల్ 4 - 1891 అక్టోబరు 3) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త, పాఠశాల ఉపాధ్యాయుడు. ఫ్రెంచి ఉచ్చారణలో ఈయన ఇంటిపేరును ల్యూకా అని పలుకుతారు. 39 అంకెలు గల 170141183460469231731687303715884105727 అనే సంఖ్య ప్రధాన సంఖ్య అని 1876లో ప్రకటించి ప్రసిద్ధి పొందాడు. ఈ సంఖ్యను క్లుప్తంగా 2¹²⁷ - 1 అని వ్రాస్తారు. ఏ యంత్రం సాయమూ లేకుండా కేవలం చేతి లెక్కతో కనుగొన్న ప్రధాన సంఖ్యలలో ఇదే అతి పెద్దది. హనోయ్ గోపురం అనే ప్రసిద్ధ గణిత క్రీడను సృష్టించినది కూడా ఈయనే. లూకాస్ సంఖ్యలు, లూకాస్-లేమర్ పరీక్ష ఈయన పేరు మీదుగా ఏర్పడినవి.

బాల్యం, విద్యాభ్యాసం

లూకాస్ ఉత్తర ఫ్రాన్సులోని అమియే నగరంలో 1842 ఏప్రిల్ 4న జన్మించాడు. ప్రాథమిక విద్య స్వస్థలంలోనే సాగింది. తరువాత పారిస్ లోని ప్రఖ్యాత విద్యాసంస్థ ఎకోల్ నోర్మాల్ సుపీరియర్ లో ఉన్నత విద్య అభ్యసించాడు. ఉపాధ్యాయులను, పరిశోధకులను తయారుచేయడానికి ఏర్పడిన సంస్థ అది.

ఉద్యోగ జీవితం

చదువు పూర్తయిన తరువాత లూకాస్ పారిస్ ఖగోళ వేధశాలలో సహాయకునిగా చేరాడు. అప్పుడు దానికి అధిపతి ఉర్బేన్ లె వెరియే. నెప్ట్యూన్ గ్రహం ఎక్కడ ఉండాలో గణితం ద్వారా ముందుగా చెప్పిన శాస్త్రవేత్త ఆయనే. 1870-71లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు మధ్య జరిగిన యుద్ధంలో లూకాస్ ఫిరంగి దళ అధికారిగా పనిచేశాడు.

యుద్ధం ముగిశాక ఉపాధ్యాయ వృత్తిని చేపట్టాడు. మొదట మధ్య ఫ్రాన్సులోని మూలే పట్టణంలో ఉన్నత పాఠశాల గణితోపాధ్యాయునిగా పనిచేశాడు. ఆ తరువాత పారిస్ లోని షార్లమేన్, సేన్ లూయి ఉన్నత పాఠశాలలలో బోధించాడు. విశ్వవిద్యాలయ ఆచార్య పదవి ఆయనకు ఎన్నడూ లభించలేదు. ఆయన గణిత పరిశోధనలలో అధిక భాగం పాఠశాల బోధన సాగిస్తూ చేసినవే.

ఫిబొనాచీ సంఖ్యలు, లూకాస్ సంఖ్యలు

1, 1, 2, 3, 5, 8, 13, 21 అనే వరుసలో ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండు సంఖ్యల మొత్తం. 13వ శతాబ్దపు ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచీ తన గ్రంథంలో కుందేళ్ల సంతతి లెక్క సందర్భంగా ఈ వరుసను ఇచ్చాడు. దీనికి ఫిబొనాచీ శ్రేణి అనే పేరు స్థిరపడడానికి కారకుడు లూకాస్. అయితే భారతదేశంలో ఛందశ్శాస్త్రకారులు అంతకు ముందే ఈ సంఖ్యలను ఎరుగుదురు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అనుకొని, నిర్ణీత మాత్రలు గల పాదాన్ని ఎన్ని విధాల కూర్చవచ్చునో లెక్కిస్తే వచ్చేవి ఈ సంఖ్యలే. విరహాంకుడు, హేమచంద్రుడు ఈ నియమాన్ని తెలిపినవారిలో ముఖ్యులు.

ఇదే కూడిక నియమంతో 1, 3 అనే సంఖ్యలతో మొదలుపెడితే 1, 3, 4, 7, 11, 18, 29, 47 అనే మరొక వరుస వస్తుంది. వీటిని లూకాస్ సంఖ్యలు అంటారు. ఈ రెండు వరుసలలోని సంఖ్యలను ఏయే ప్రధాన సంఖ్యలు నిశ్శేషంగా భాగిస్తాయి అన్న ప్రశ్నను లూకాస్ లోతుగా పరిశీలించాడు. ఈ పరిశీలనే ఆయనను 39 అంకెల సంఖ్య వద్దకు చేర్చింది. ఈ విషయంపై ఆయన వ్రాసిన సుదీర్ఘ వ్యాసం 1878లో అమెరికన్ జర్నల్ ఆఫ్ మ్యాథమేటిక్స్ పత్రిక మొదటి సంపుటంలో వెలువడింది.

మెర్సెన్ సంఖ్యలు

1తోను, తనతోను తప్ప మరే సంఖ్యతోను నిశ్శేషంగా భాగింపబడని, 1 కంటె పెద్దదైన సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. 2 యొక్క ఘాతం నుండి 1 తీసివేయగా వచ్చే 3, 7, 15, 31, 63, 127 వంటి సంఖ్యలలో కొన్ని ప్రధాన సంఖ్యలు, కొన్ని కావు. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే తప్ప ఇటువంటి సంఖ్య ప్రధాన సంఖ్య కాజాలదు. కాని ఘాతాంకం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన సరిపోదు. ఉదాహరణకు 11 ప్రధాన సంఖ్యే అయినా, 2¹¹ - 1 = 2047 = 23 × 89.

ఈ సంఖ్యలపై ఆసక్తికి మూలం ప్రాచీన గ్రీసులో ఉంది. తన కంటె చిన్నవైన కారణాంకాలన్నిటి మొత్తానికి సమానమైన సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6 = 1 + 2 + 3 అందుకు ఉదాహరణ. 2 ఘాతం నుండి 1 తీసివేయగా ప్రధాన సంఖ్య వచ్చిన ప్రతిసారీ దాని నుండి ఒక పరిపూర్ణ సంఖ్యను నిర్మించవచ్చునని యూక్లిడ్ నిరూపించాడు.

1644లో మారెన్ మెర్సెన్ అనే ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి ఒక జాబితా ప్రకటించాడు. 257 వరకు గల ఘాతాంకాలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే ప్రధాన సంఖ్యలను ఇస్తాయని ఆయన పేర్కొన్నాడు. అందుకు నిరూపణ ఇవ్వలేదు. 1772లో ఆయిలర్ 2³¹ - 1, అనగా 2147483647, ప్రధాన సంఖ్య అని నిర్ధారించాడు. ఆ పై అంశాలు రెండు శతాబ్దాలకు పైగా నిర్ధారణ కాకుండానే నిలిచిపోయాయి. 1867లో లాండ్రీ కనుగొన్న 13 అంకెల 3203431780337 లూకాస్ కు ముందు తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య.

భాగహారంతో తేలని సమస్య

ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో తెలుసుకోవడానికి పాఠశాలలో నేర్పే పద్ధతి, దాని వర్గమూలం వరకు గల సంఖ్యలతో భాగించి చూడడం. 2¹²⁷ - 1 యొక్క వర్గమూలమే 20 అంకెల సంఖ్య. సెకనుకు ఒక భాగహారం చొప్పున చేసినా 41,000 కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది.

ఈ శ్రమను కొంత తగ్గించే నియమం ఒకటి ఉంది. 2¹²⁷ - 1 కు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే, దానిని 254తో భాగించినపుడు శేషం 1 రావాలి. కనుక అటువంటి సంఖ్యలతో మాత్రమే భాగించి చూస్తే చాలును. అప్పటికీ సుమారు 160 కోట్ల సంవత్సరాల పని మిగులుతుంది. కనుక ఈ సంఖ్య స్వభావం తెలియాలంటే కారణాంకాలను వెదకని మార్గం ఒకటి కావలసి వచ్చింది. లూకాస్ సాధించినది అదే.

లూకాస్ పరీక్ష

లూకాస్ పద్ధతి సారాంశాన్ని నేటి పరిభాషలో ఈ విధంగా చెప్పవచ్చును. మొదట 3 తీసుకోవాలి. దానిని వర్గం చేసి 2 తీసివేస్తే 7 వస్తుంది. 7ను వర్గం చేసి 2 తీసివేస్తే 47, అదే విధంగా 2207 వస్తాయి. ఇవి లూకాస్ సంఖ్యల వరుసలో 2వ, 4వ, 8వ, 16వ స్థానాలలో ఉన్న సంఖ్యలు. ప్రతి మెట్టులోను, పరీక్షించవలసిన సంఖ్యతో భాగించి శేషాన్ని మాత్రం ఉంచుకోవాలి. ఘాతాంకం కంటె ఒకటి తక్కువైన స్థానంలో శేషం సున్న వస్తే పరీక్షించిన సంఖ్య ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. ఘాతాంకాన్ని 4తో భాగించినపుడు శేషం 3 వచ్చే సందర్భాలకు ఈ రూపం వర్తిస్తుంది. 7, 11, 67, 127 అటువంటివే.

2⁷ - 1 = 127 అనే చిన్న సంఖ్యతో దీనిని సరిచూడవచ్చును. ఇక్కడ ఆరవ స్థానంలో శేషం సున్న రావాలి.

1వ స్థానం: 3
2వ స్థానం: 3 × 3 - 2 = 7
3వ స్థానం: 7 × 7 - 2 = 47
4వ స్థానం: 47 × 47 - 2 = 2207. 127తో భాగిస్తే శేషం 48
5వ స్థానం: 48 × 48 - 2 = 2302. శేషం 16
6వ స్థానం: 16 × 16 - 2 = 254. శేషం 0

కనుక 127 ప్రధాన సంఖ్య. ఇదే పరీక్షను 2047పై జరిపితే పదవ స్థానంలో శేషం 1034 వస్తుంది, సున్న కాదు. కనుక 2047 ప్రధాన సంఖ్య కాదని, 23, 89 అనే కారణాంకాలు తెలియకుండానే తేలిపోతుంది. భాగించి చూసే పద్ధతికి, ఈ పద్ధతికి గల ముఖ్య భేదం ఇదే.

39 అంకెల సంఖ్యకు ఈ పరీక్ష జరపాలంటే 126వ స్థానం వరకు పోవాలి. అనగా వర్గం చేసి 2 తీసివేసే పని 125 సార్లు చేయాలి. ఎనిమిదవ స్థానానికే సంఖ్య 54 అంకెలకు పెరుగుతుంది. అక్కడి నుండి ప్రతి మెట్టులోను 39 అంకెల వరకు ఉండే శేషాలతో గుణకారం, భాగహారం తప్పవు. మధ్యలో ఒక్క అంకె తప్పినా చివరి ఫలితానికి విలువ ఉండదు.

గణన చేసిన తీరు

ఈ శ్రమను తగ్గించడానికి లూకాస్ ద్విసంఖ్యామానాన్ని, అనగా 0, 1 అనే రెండు అంకెలతోనే సంఖ్యలను వ్రాసే విధానాన్ని ఆశ్రయించాడు. ఆ విధానంలో 2¹²⁷ - 1 అంటే వరుసగా 127 ఒకట్లు. ఇటువంటి సంఖ్యతో భాగించి శేషం కనుగొనడం చాలా సులభం. మన దశాంశ పద్ధతిలో 99తో భాగించడం దీనికి పోలిక. 4572ను 99తో భాగించగా వచ్చే శేషం కోసం భాగహారం చేయనక్కరలేదు. రెండేసి అంకెలుగా విడదీసి 45 + 72 = 117, మరల 1 + 17 = 18 అని కూడితే చాలును. అదే విధంగా ద్విసంఖ్యామానంలో 127 స్థానాలు దాటిన అంకెలను తిరిగి మొదటి స్థానాల నుండి కలిపితే శేషం వస్తుంది. లూకాస్ ఇందుకోసం అడ్డంగా 127, నిలువుగా 127 గళ్లు గల చదరంగపు బల్ల వంటి పలకను వినియోగించి, గళ్లలో పావులను ఉంచి కదుపుతూ గుణకారాలు చేసే విధానాన్ని రూపొందించాడు.

1876లో లూకాస్ తన ఫలితాలను ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రకటించాడు. తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య 13 అంకెల నుండి ఒక్కసారిగా 39 అంకెలకు చేరింది.

67వ ఘాతం

అదే సంవత్సరంలో లూకాస్, మెర్సెన్ జాబితాలోని 2⁶⁷ - 1 ప్రధాన సంఖ్య కాదని కూడా ప్రకటించాడు. ఈ 21 అంకెల సంఖ్య 147573952589676412927. దీనికి కారణాంకాలు ఉన్నాయని తెలిసినది కాని, అవి ఏవో తెలియలేదు. 27 సంవత్సరాల తరువాత 1903లో అమెరికా గణితజ్ఞుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని కనుగొన్నాడు. అవి 193707721, 761838257287. అమెరికన్ మ్యాథమేటికల్ సొసైటీ సమావేశంలో కోల్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా నల్లబల్లపై ఒక ప్రక్క 2⁶⁷ - 1 విలువను, మరొక ప్రక్క ఈ రెండు సంఖ్యల గుణకారాన్ని వ్రాసి చూపి కూర్చున్నాడని చెప్తారు.

2⁶⁷ - 1 కారణాంకాలను 134తో భాగిస్తే శేషం 1 రావాలి. అటువంటి సంఖ్యలను 135 నుండి వరుసగా వ్రాసుకొంటూ పోతే, వాటిలో 14,45,580వది కోల్ కనుగొన్న చిన్న కారణాంకం. కారణాంకాలను వెదకడానికి, అవి ఉన్నాయో లేవో మాత్రం తెలుసుకోవడానికి మధ్య ఎంత దూరం ఉందో ఈ ఒక్క ఉదాహరణ తెలుపుతుంది.

ఫలితం ధ్రువీకరణ

67 విషయంలో కోల్ లెక్కను ఎవరైనా ఒక గుణకారంతో సరిచూడవచ్చును. 2¹²⁷ - 1 విషయంలో అటువంటి సదుపాయం లేదు. కారణాంకాలు లేవన్నదే ఫలితం కనుక, దానిని సరిచూడాలంటే లెక్క అంతా మరల చేయవలసిందే. 1914లో ఫోకెంబెర్గ్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఆ శ్రమకు పూనుకొని 2¹²⁷ - 1 ప్రధాన సంఖ్యే అని ధ్రువీకరించాడు. అప్పటికి లూకాస్ మరణించి 23 సంవత్సరాలు గడిచాయి.

మెర్సెన్ జాబితా పూర్తిగా సరియైనది కాదని క్రమంగా తేలింది. 67తో బాటు 257 కూడా ప్రధాన సంఖ్యను ఇవ్వదు. జాబితాలో లేని 61, 89, 107 ప్రధాన సంఖ్యలను ఇస్తాయి. ఈ సవరణలన్నీ జరిగిన తరువాత 2¹²⁷ - 1 మెర్సెన్ ప్రధాన సంఖ్యలలో 12వదిగా నిలిచింది.

2¹²⁷ - 1 యొక్క మరికొన్ని ధర్మాలు

* దీనిని 2¹²⁶ చేత గుణిస్తే 77 అంకెలు గల 12వ పరిపూర్ణ సంఖ్య వస్తుంది.
* 2 నుండి మొదలుపెట్టి, వచ్చిన సంఖ్యనే మరల ఘాతాంకంగా తీసుకొంటూ పోతే 2² - 1 = 3, 2³ - 1 = 7, 2⁷ - 1 = 127, తరువాత 2¹²⁷ - 1 వస్తాయి. ఈ గొలుసులోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే. బెల్జియంలో పనిచేసిన గణితజ్ఞుడు కాటలాన్ ఈ గొలుసును ప్రస్తావించాడు. దీని తరువాతి సంఖ్య ప్రధాన సంఖ్య అవునా కాదా అన్నది గణిత శాస్త్రంలో తేలని ప్రశ్న.
* కంప్యూటరులో ధన, ఋణ సంఖ్యలను 128 బిట్లలో సాధారణ పద్ధతిలో నిల్వ చేసినపుడు, అందులో పట్టే అతి పెద్ద పూర్ణ సంఖ్య ఇదే.

ఫిరంగి గుళ్ల సమస్య

1875లో లూకాస్ ఒక సమస్యను ప్రకటించాడు. చతురస్రాకారపు అడుగుతో గోపురంగా పేర్చిన ఫిరంగి గుళ్లను విడదీసి, నేలపై ఒకే చతురస్రంగా పరచడానికి ఎప్పుడు వీలవుతుంది? ఒకే గుండు ఉన్న సందర్భాన్ని విడిచిపెడితే 24 వరుసల గోపురానికి మాత్రమే అది సాధ్యం. 1 నుండి 24 వరకు గల సంఖ్యల వర్గాల మొత్తం 4900, అనగా 70 × 70. వేరే సమాధానం లేదన్న లూకాస్ వాక్యానికి పూర్తి నిరూపణ 1918లో జి. ఎన్. వాట్సన్ ఇచ్చాడు.

హనోయ్ గోపురం

1883లో లూకాస్ హనోయ్ గోపురం అనే ఆటవస్తువును విడుదల చేశాడు. దీనిలో మూడు కడ్డీలు ఉంటాయి. ఒక కడ్డీకి ఎనిమిది బిళ్ళలు పెద్దదానిపై చిన్నది చొప్పున గుచ్చి ఉంటాయి. ఒకసారికి ఒక బిళ్ళనే కదుపుతూ, చిన్నదానిపై పెద్దది ఎన్నడూ పెట్టకుండా, అన్నిటినీ మరొక కడ్డీకి మార్చాలి. దీనిని సియాం దేశానికి చెందిన ఎన్. క్లాస్ అనే ఆచార్యుడు తెచ్చినట్లు పెట్టె మీద ముద్రించారు. ఆయన పనిచేసే కళాశాల పేరు లీ-సూ-స్తియన్. ఫ్రెంచి అక్షరాలను తారుమారు చేస్తే మొదటిది అమియే వాసి లూకాస్ అని, రెండవది సేన్ లూయి అని వస్తాయి. సేన్ లూయి లూకాస్ పనిచేసిన పాఠశాల పేరే.

ఈ ఆటతో బాటు కాశీ పట్టణంపై అల్లిన కథ ఒకటి ప్రచారంలోకి వచ్చింది. అక్కడి ఆలయంలో 64 బంగారు బిళ్ళలు ఉన్నాయని, పూజారులు వాటిని రాత్రింబవళ్లు మారుస్తున్నారని, పని పూర్తయిన నాడు లోకం అంతమవుతుందని ఆ కథ సారాంశం. ఇది ఫ్రాన్సులో పుట్టిన కల్పన మాత్రమే, కాశీలో అటువంటి ఆలయం లేదు.

బిళ్ళలు మార్చడానికి కనీసం కావలసిన కదలికల సంఖ్య మెర్సెన్ సంఖ్యల రూపంలోనే ఉంటుంది. మూడు బిళ్ళలకు 7, ఏడు బిళ్ళలకు 127, ఎనిమిదింటికి 255. 64 బిళ్ళలకు 18446744073709551615 కదలికలు కావాలి. సెకనుకు ఒకటి చొప్పున చేస్తే సుమారు 58,500 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఈ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. దీని ప్రధాన కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417. బిళ్ళలు 127 ఉన్నట్లయితే కావలసిన కదలికల సంఖ్య లూకాస్ కనుగొన్న ప్రధాన సంఖ్యే అవుతుంది.

రచనలు

వినోద గణితంపై లూకాస్ రచించిన నాలుగు సంపుటాల గ్రంథం 1882-1894 మధ్య వెలువడింది. వీటిలో చివరి రెండు సంపుటాలు ఆయన మరణానంతరం ప్రచురితమైనవి. సంఖ్యా సిద్ధాంతంపై ఆయన తలపెట్టిన బృహద్గ్రంథంలో మొదటి సంపుటం 1891లో వెలువడింది. మిగిలిన సంపుటాలను ఆయన పూర్తిచేయలేకపోయాడు. పడుగు పేకల అల్లికలో శాటిన్ వస్త్రాల నేతకు అంకగణితాన్ని అన్వయిస్తూ కూడా ఆయన రచన చేశాడు. చుక్కలను గీతలతో కలిపి గళ్లు గెలుచుకొనే పిల్లల ఆటను మొదట వివరించి ప్రచురించినది కూడా లూకాస్ అని చెప్తారు.

మరణం

1891లో ఫ్రెంచి విజ్ఞానాభివృద్ధి సంఘం వార్షిక సమావేశాలు మార్సే నగరంలో జరిగాయి. ఆ సందర్భంగా ఏర్పాటైన విందులో ఒక సేవకుని చేతి నుండి పింగాణీ పాత్రలు జారిపడి పగిలాయి. ఒక ముక్క ఎగిరి లూకాస్ చెంపకు తగిలి గాయమైంది. చిన్న గాయమే అయినా అది చర్మవ్యాధిగా మారి విషమించింది. కొద్ది రోజులకే, 1891 అక్టోబరు 3న, 49 సంవత్సరాల వయసులో లూకాస్ పారిస్ లో మరణించాడు.

అనంతర చరిత్ర

లూకాస్ తన పరీక్షలకు ఇచ్చిన నిరూపణలలో కొన్ని లోపాలు ఉండేవి. అమెరికా గణితజ్ఞుడు డి. హెచ్. లేమర్ 1930లో వాటిని సరిదిద్ది, 3కు బదులు 4తో మొదలుపెట్టి 2 తప్ప మిగిలిన ప్రధాన ఘాతాంకాలన్నిటికీ వర్తించే రూపం ఇచ్చాడు. నాటి నుండి దీనిని లూకాస్-లేమర్ పరీక్ష అని వ్యవహరిస్తున్నారు.

2¹²⁷ - 1 తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్యగా 75 సంవత్సరాల పాటు నిలిచింది. 1951లో ఫెరియే అనే గణితజ్ఞుడు బల్లమీది గణన యంత్రం సాయంతో 44 అంకెల ప్రధాన సంఖ్యను కనుగొన్నాడు. అదే సంవత్సరం ఇంగ్లండులో మిల్లర్, వీలర్ కంప్యూటరు సాయంతో 79 అంకెల ప్రధాన సంఖ్యను కనుగొన్నారు. దానిని నిర్మించినది లూకాస్ సంఖ్య ఆధారంగానే: 2¹²⁷ - 1 యొక్క వర్గాన్ని 180తో గుణించి 1 కలిపితే ఆ సంఖ్య వస్తుంది. 1952 జనవరి 30న రఫాయెల్ రాబిన్సన్ అమెరికాలోని స్వాక్ అనే కంప్యూటరుపై లూకాస్-లేమర్ పరీక్ష నడిపి, 2⁵²¹ - 1, 2⁶⁰⁷ - 1 ప్రధాన సంఖ్యలని ఒకే రోజున కనుగొన్నాడు.

2024 అక్టోబరులో 4,10,24,320 అంకెలు గల మెర్సెన్ ప్రధాన సంఖ్యను ప్రకటించారు. దాని ఘాతాంకం 13,62,79,841. ప్రకటనకు ముందు ఆ సంఖ్యను ధ్రువీకరించినది కూడా లూకాస్-లేమర్ పరీక్ష ద్వారానే. వర్గం చేయడం, 2 తీసివేయడం, శేషం చూడడం అనే మూడు పనులే అందులోనూ ఉన్నాయి.